పాత ఇంగ్లిష్ పబ్బుల్లో నాలుగు రోజులు: హోబన్ నుంచి హోప్ స్ట్రీట్ దాకా

లండన్‌లో పాత పబ్బులు చూద్దామని బయల్దేరేవాళ్లు చాలామంది శని, ఆదివారాలు పెట్టుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. హోబన్, ఫ్లీట్ స్ట్రీట్, హాటన్ గార్డెన్ అంతా ఆఫీసుల పేట. శుక్రవారం రాత్రితో జనం ఖాళీ అయిపోతారు. వాళ్లను నమ్ముకున్న పబ్బులు కొన్ని మళ్లీ సోమవారం దాకా తలుపే తియ్యవు. ఆ సోమవారం నాడు బరో మార్కెట్ అనే తిండి బజారు మూత. అందుకే ఈ యాత్ర మంగళవారం మొదలై శుక్రవారానికి లివర్‌పూల్ చేరుతుంది.

తాగడమే పనైతే ఇంత తిరగక్కర్లేదు, ఏ వీధి మలుపులోనైనా ఓ పబ్బు ఉంటుంది. ఈ దారిలో చూడాల్సింది గదుల్ని. విక్టోరియా రాణి నాటి పబ్బంటే ఒకే కప్పు కింద నాలుగైదు గదులు. కూలీలకు చెక్క బెంచీల పబ్లిక్ బార్, గుమాస్తాలకూ వ్యాపారులకూ మెత్తటి కుర్చీల సెలూన్ బార్, ఎవరి కంటా పడకూడదనుకునేవాళ్లకు స్నగ్ అనే చిన్న గది, జగ్గులో పోయించుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లకు వేరే ద్వారం. సెలూన్‌లో కూర్చుంటే అదే బీరుకు కాస్త ఎక్కువ ధర. ఇరవయ్యో శతాబ్దంలో ఈ అడ్డుగోడల్ని దాదాపు అన్నిచోట్లా పీకేశారు. లైసెన్సులిచ్చే మెజిస్ట్రేట్లకు మూలమూలా కనిపించే హాలు కావాలి, యజమానులకు ఇద్దరు పనివాళ్లతో నెట్టుకురాగలిగే హాలు కావాలి. అలా పోగా మిగిలినవి కొన్నే. 1971లో పుట్టిన కామ్రా అనే బీరు ప్రియుల సంఘం, లోపలి అమరిక చెదరని పబ్బులకు ప్రత్యేకంగా జాబితా వేసింది. ఏ ఊరు వెళ్లినా ముందు దాన్ని చూసుకోవడం మంచిది.

మంగళవారం: హోబన్

హోబన్ ట్యూబ్ స్టేషన్‌లో దిగి హై హోబన్ రోడ్డు మీద పడమటికి రెండు నిమిషాలు నడిస్తే ప్రిన్సెస్ లూయీజ్ వస్తుంది. విక్టోరియా నాలుగో కూతురి పేరు పెట్టారు. పబ్బు 1872 నాటిది, లోపలి పనితనం 1891లో చేయించింది. మధ్యలో పొడవాటి కౌంటరు, దాని చుట్టూ నల్లటి చెక్క, చెక్కుడు గాజు అడ్డులతో చిన్న చిన్న అరలు. ఒక్కో అరలో నలుగురైదుగురు సర్దుకుంటే నిండిపోతుంది. ఈ అడ్డులు మాత్రం అసలువి కావు. అసలువి ఎప్పుడో పోయాయి. యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్‌కు చెందిన శామ్యూల్ స్మిత్ బ్రూవరీ, అంటే బీరు తయారీ సంస్థ, 2007-08లో వాటిని తిరిగి కట్టించింది. గోడల మీది రంగు టైళ్లు, బంగారు గీతల అద్దాలు పాతవే. మగవాళ్ల మరుగుదొడ్డిలోని పాలరాతి పని కూడా పాతదే. కొత్తదేదో పాతదేదో చెబితే తప్ప తెలియనంత బాగా కుదిరింది. పాతకట్టడాన్ని బాగుచెయ్యడమంటే ఇలా ఉండాలి.

మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వెళ్లడం మంచిది. సాయంత్రం అయిదున్నర దాటాక ఆఫీసు జనం దిగితే గోడలు కనపడవు, వీపులే కనపడతాయి. శామ్యూల్ స్మిత్ పబ్బుల్లో పాటలు, టీవీ ఉండవు. ఫోన్ వాడొద్దంటారు. ఫొటో కావాలంటే కౌంటరులో అడిగి తీసుకోవాలి.

కొత్తవాళ్లు తడబడేది కౌంటరు దగ్గరే. బల్ల దగ్గర కూర్చుని ఎవరో వచ్చి ఆర్డరు తీసుకుంటారని చూస్తే చీకటి పడుతుంది. మనమే వెళ్లాలి, చెప్పాలి, అప్పటికప్పుడే డబ్బు కట్టాలి, గ్లాసు మనమే తెచ్చుకోవాలి. కౌంటరు ముందు వరస కనపడదు కానీ ఉంటుంది. మనం వెళ్లేసరికి ఎవరెవరున్నారో గుర్తుపెట్టుకోవాలి. పొరపాటున మనల్ని ముందు అడిగితే, పక్కాయన ముందొచ్చారని చెప్పడం మర్యాద. చిటికెలేసినా, నోటు ఊపినా వంతు వెనక్కే పోతుంది. కార్డు చేతిలో పట్టుకుని, పోసే మనిషి కళ్లలో పడేలా నిలబడితే చాలు. చెప్పేటప్పుడు బీరు పేరు, కొలత రెండూ చెప్పాలి. "ఒక బీరు" అంటే ఏ బీరని ఎదురు ప్రశ్న వస్తుంది. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. చట్టప్రకారం 18 నిండితే చాలు కానీ, పాతికలోపు వాళ్లలా కనిపిస్తే రుజువు అడుగుతారు. పాస్‌పోర్టు దగ్గరుండాలి.

కొలత పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు. సగం పైంటు 284. మన దగ్గరి 650 మిల్లీలీటర్ల సీసాకు అలవాటుపడ్డవాళ్లకు పైంటు చిన్నదిగానే కనిపిస్తుంది. బిట్టర్ అనే ఇక్కడి మామూలు ఏల్ రకం బీరులో ఆల్కహాలు 3.6 నుంచి 4.5 శాతమే, మన స్ట్రాంగ్ బీరులో సగం. అయితే రోజుకు మూడు నాలుగు పబ్బులు తిరిగేవాళ్లు సగం పైంటుకే కట్టుబడాలి. మొదటి రోజు హుషారులో పైంట్లు లాగించినవాళ్లకు మూడో పబ్బులో కప్పు అందం గుర్తుండదు. గ్లాసు మీద గీత లేకపోతే అంచే కొలత. నురగ మరీ ఎక్కువైతే ఇంకాస్త పొయ్యమని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మధ్య లండన్‌లో పైంటుకు ఆరేడు పౌండ్లు వేసుకోండి.

నలుగురు కలిసి వెళితే ఎవరిది వాళ్లు కొనుక్కోరు. ఒక్కొక్కరు ఒక్కోసారి అందరికీ కొంటారు, అదే రౌండు. మూడు రౌండ్లు తాగి తన వంతు వచ్చేసరికి కోటు వేసుకునేవాణ్ని ఇంగ్లండులో అంత తేలిగ్గా మర్చిపోరు. తక్కువ తాగేవాళ్లు ముందే "నేను రౌండులో లేను" అనేస్తే గొడవుండదు. మందు ముట్టనివాళ్లు లైమ్ అండ్ సోడా చెప్పుకోవచ్చు. అన్నిటికన్నా చవక, ఎవరూ వింతగా చూడరు.

చీకటిపడే వేళకు పది పన్నెండు నిమిషాలు నడిచి లాంబ్స్ కాండ్యుయిట్ స్ట్రీట్‌లోని ద లాంబ్‌కు చేరాలి. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, కానీ దాని ముందు అరగంట నిలబడొచ్చు. కౌంటరు మీద, సరిగ్గా మనిషి ముఖం ఎత్తున, చెక్క చట్రంలో వరసగా చిన్న చిన్న గాజు రెక్కలు. ఒక్కొక్కటీ ఇరుసు మీద తిరుగుతుంది. గాజు మీద పువ్వుల చెక్కుడు పని ఉండటంతో వెలుతురు వస్తుంది, ముఖం కనపడదు. రెక్క మూసి ఉంటే దాని కింద సందులోంచి అవతలివాళ్ల చేతులు, గ్లాసు మాత్రమే కనిపిస్తాయి. వేలితో నెడితే తిరుగుతుంది, ఆర్డరు చెప్పి మళ్లీ మూసుకోవచ్చు. వీటిని స్నాబ్ స్క్రీన్లు అంటారు. సెలూన్‌లో కూర్చున్న పెద్దమనిషి ఎవరితో వచ్చాడో పోసేవాళ్లకూ, అవతలి బారులోని జనానికీ తెలియకుండా ఈ ఏర్పాటు. లండన్‌లో ఇవి మిగిలిన పబ్బుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మూలన పాలీఫోన్ అనే పాతకాలపు సంగీతయంత్రం ఉంది. చిల్లుల పళ్లెం తిరుగుతుంటే పాట పలుకుతుంది.

బుధవారం: ఫ్లీట్ స్ట్రీట్ చుట్టుపక్కల

చాన్సరీ లేన్ స్టేషన్ పక్కనే సిటీ ఆఫ్ యార్క్. పాతదిలా కనిపిస్తుంది కానీ కట్టడం 1920లలోది. వెనక హాలులో చర్చిలా ఎత్తయిన కప్పు, గోడ వారన లాయర్లు క్లయింట్లతో గుసగుసలాడుకోవడానికి పనికొచ్చే చిన్న చెక్క అరలు, మధ్యలో మూడు ముఖాల ఇనుప పొయ్యి. పొగగొట్టం పైకి కనిపించదు, నేల కిందుగా పోతుంది. పావుగంట చాలు.

అక్కణ్నుంచి హాటన్ గార్డెన్. వజ్రాల దుకాణాల మధ్య, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత ఇరుకు సందులో యే ఓల్డ్ మైటర్ ఉంది. ఈలీ బిషప్పు నౌకర్ల కోసం 1546లో మొదలైన పబ్బు ఇది. ఇప్పుడున్న కట్టడం 18వ శతాబ్దిది. ముందు గది మూలలో గాజు వెనక ఓ చెర్రీచెట్టు మొద్దు ఉంటుంది. దాని చుట్టూ మొదటి ఎలిజబెత్ రాణి నాట్యం చేసిందంటారు. నమ్మాలో వద్దో మీ ఇష్టం. ఇది శని, ఆదివారాలు మూసి ఉండే పబ్బు.

మధ్యాహ్నం భోజనం ఫ్లీట్ స్ట్రీట్ 145 నంబరు, యే ఓల్డ్ చెషైర్ చీజ్‌లో. రోడ్డు మీద పెద్ద గుర్తు వేలాడుతుంది కానీ ద్వారం పక్కన వైన్ ఆఫీస్ కోర్టు అనే సందులో ఉంటుంది. తలుపు పక్కన బోర్డు మీద, ఈ పబ్బు చూసిన రాజులూ రాణుల పేర్లు వరసగా రాసి ఉంటాయి. 1666 నాటి మహా అగ్నిప్రమాదంలో తగలబడిపోతే మరుసటి ఏడాదే మళ్లీ కట్టారు. లోపల పగలే చీకటి. కళ్లు అలవాటుపడేదాకా గుమ్మంలో ఓ నిమిషం ఆగాలి. కింద అంచెలంచెలుగా నేలమాళిగలు. మెట్లు నిటారు, కప్పు తక్కువ, ఆరడుగులవాళ్లు తల కాచుకోవాలి. నడుంనొప్పి, మోకాళ్లనొప్పి ఉన్నవాళ్లు పై బారులోనే కూర్చోవడం నయం. చక్రాల కుర్చీతో వచ్చేవాళ్లకు ఈ పబ్బు ఏమాత్రం అనువు కాదు. పాలీ అనే చిలుక ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి 1926లో చచ్చిపోతే దేశదేశాల పత్రికలు వార్త వేశాయి. ఇప్పుడది గడ్డి కుక్కిన బొమ్మగా ఉంది. నిఘంటుకర్త డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఇల్లు వెనక గఫ్ స్క్వేర్‌లోనే, రెండు నిమిషాల దూరం. అందుకని ఆయన కుర్చీ ఇదేనని చూపిస్తారు కానీ, ఆయన ఇక్కడికి వచ్చినట్టు రాతపూర్వకమైన ఆధారం లేదు.

బారు గుమ్మం మీద "ఈ బారులో మగవాళ్లకే" అన్న అర్థం వచ్చే పాత బోర్డు ఉంది. ఇప్పుడది అలంకారమే. ఒకప్పుడు కాదు. ఇదే వీధిలోని ఎల్ వీనో అనే వైన్ బారులో ఆడవాళ్లకు కౌంటరు దగ్గర నిలబడే హక్కు ఉండేది కాదు, వెనక గదిలో కూర్చోవాల్సి వచ్చేది. ఫ్లీట్ స్ట్రీట్ అప్పట్లో పత్రికాఫీసుల వీధి, పత్రికల వాళ్లు వార్తలు పోగుచేసుకునేది ఆ కౌంటరు దగ్గరే. టెస్ గిల్ అనే లాయరు, ఆనా కూట్ అనే జర్నలిస్టు కోర్టుకెక్కి, 1982లో అప్పీలు కోర్టులో గెలిచారు. గదుల విభజన మర్యాద కోసమేనని ఎవరైనా అంటే ఈ కేసు గుర్తు చెయ్యాలి.

తిండి సంగతి. పై అంటే ఎక్కువగా స్టేక్ అండ్ ఏల్ పై, అంటే గొడ్డు మాంసం. స్కాచ్ ఎగ్‌లో గుడ్డు చుట్టూ ఉండేది పంది మాంసం. కౌంటరు వెనక ప్యాకెట్లలో వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ వేయించిన పంది తోలు. చిప్స్, అంటే వేయించిన బంగాళదుంప ముక్కలు, శాకాహారమేనని అనుకోవద్దు, కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అడగాలి. చీజ్ అండ్ ఆనియన్ క్రిస్ప్స్ (మన ప్యాకెట్ చిప్స్ లాంటివి), చీజ్ టోస్టీ అనే కాల్చిన శాండ్‌విచ్ ఉన్నచోట అదీ శాకాహారులను గట్టెక్కిస్తాయి. వంటగది చాలాచోట్ల మధ్యాహ్నం రెండున్నర, మూడింటికి కట్టేసి సాయంత్రం తెరుస్తారు. పబ్బు తెరిచి ఉన్నంత మాత్రాన తిండి దొరుకుతుందని కాదు.

మూడింటికి ఫ్లీట్ స్ట్రీట్ దిగి బ్లాక్‌ఫ్రయర్స్ స్టేషన్ ఎదురుగా ఉన్న ద బ్లాక్‌ఫ్రయర్‌కు. ముక్కోణపు కేకు ముక్కలాంటి ఈ భవనాన్ని 1960లలో కూల్చేయబోతే కవి జాన్ బెట్జమన్ తదితరులు పోరాడి ఆపారు. ఒకప్పుడు డొమినికన్ సన్యాసుల మఠం ఉన్న చోటిది. 1905లో వాస్తుశిల్పి ఫుల్లర్ క్లార్క్, శిల్పి హెన్రీ పూల్ లోపలంతా రంగురంగుల పాలరాయి, రాగిరేకులతో నింపేశారు. రేకుల మీద సన్యాసులు పాడుతూ, తోటపని చేస్తూ, చేపలు పడుతూ కనిపిస్తారు. చేపల రేకు కింద "రేపు శుక్రవారం" అని రాసి ఉంటుంది. శుక్రవారం మాంసం తినకూడదు కనుక ముందురోజే గేలం వేస్తున్నారు. దాన్ని చదివి నవ్వకుండా వెళ్లడం కష్టం. వెనక, రైలు పట్టాల కింద తొలిచిన గదిని 1917లో మొదలుపెట్టారు. కప్పంతా మొజాయిక్, గోడల మీద నీతివాక్యాలు. దీపాలు పట్టుకున్న చిన్న సన్యాసి బొమ్మల్ని వెతికి చూడాలి. అయిదింటి లోపు బయటపడితే మంచిది.

గురువారం: సదర్క్

లండన్ బ్రిడ్జి స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు, బరో హై స్ట్రీట్ 77. ద జార్జ్. రోడ్డు మీంచి చూస్తే ఏమీ లేనట్టుంటుంది. గేటు దాటి పెరట్లోకి వెళితే ఎదురుగా రెండంతస్తుల చెక్క వసారాలు. గుర్రపు బళ్లు ఆగే సత్రాల్లో వసారాలతో లండన్‌లో మిగిలింది ఇదొక్కటే. 1676లో తగలబడి 1677లో తిరిగి లేచింది. పెరటికి మూడువైపులా ఉన్న కట్టడంలో రెండు వైపుల్ని 1889లో గ్రేట్ నార్తర్న్ రైల్వే కూల్చేసింది. గుర్రపు బళ్లను చంపిన రైలే సత్రాన్నీ మింగింది. 1937 నుంచి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది. షేక్స్‌పియర్ ఇక్కడ తాగాడని చెప్పేవాళ్లుంటారు. ఇప్పుడున్న కట్టడం ఆయన పోయిన 61 ఏళ్లకు వచ్చింది. వీధి వైపు చిన్న బారులో పాత గోడ గడియారం చూడాలి. 1797లో గడియారాల మీద పన్ను వేస్తే జనం సొంత గడియారాలు మానేసి పబ్బు గడియారం చూసుకున్నారంటారు. పన్ను ఏడాదికే ఎత్తేశారు.

పెరట్లో కూర్చునే చోటు బోలెడు కనుక, పబ్బు బీరును నిదానంగా పరిశీలించడానికి ఇదే అనువైన చోటు. కౌంటరు మీద నిలువు పిడి ఉండి, చేత్తో లాగి పోసేది కాస్క్ ఏల్. ఇది పీపాలోకి వెళ్లాక కూడా పులుస్తూనే ఉంటుంది. మామూలు పీపా పేరు ఫర్కిన్, 9 గాలన్లు, 72 పైంట్లు. నేలమాళిగలో పక్కకు పడుకోబెట్టి, పైబిరడాలో మెత్తని చెక్క మేకు దిగ్గొడతారు. లోపలి గ్యాసు ఆ మేకు సందుల్లోంచి నెమ్మదిగా పోతుంది. ఒకటి రెండు రోజుల్లో మడ్డి అడుక్కు దిగుతుంది, అప్పుడు గట్టి మేకు పెట్టి ఆపుతారు. కుళాయి తిప్పిన దగ్గర్నుంచి పీపాలోకి గాలి చేరుతుంది. ఇక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేదంటే పులిసి వెనిగరవుతుంది. నేలమాళిగ చల్లదనం 11-13 డిగ్రీలు. "వెచ్చని బీరు" అని మనవాళ్లు ఎగతాళి చేసేది దీన్నే. గడ్డకట్టేంత చల్లబరిస్తే మాల్టు (మొలకెత్తించిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) రుచి నాలుకకు తెలియదు.

దీన్నుంచి తేలే లెక్క సులువు. జనం లేని పబ్బులో ఎనిమిది పిడులుంటే అన్నీ తాజాగా ఉండే అవకాశం లేదు. రెండు మూడు పిడులున్న చోటో, ఎక్కువ మంది తాగుతున్న పిడినో ఎంచుకోవాలి. తెరవగానే పోసే మొదటి గ్లాసు వద్దు, అది రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరు కావచ్చు. ముందు గుక్కెడు రుచి చూపించమని అడగొచ్చు. పులుపు, వెనిగరు వాసన వస్తే, రెండు గుక్కలకు మించకుండా వెనక్కిస్తే మారుస్తారు. ముప్పావు తాగి ఫిర్యాదు చేస్తే చెల్లదు. వెన్న వాసన వచ్చినా, ఆవిరి పట్టిన మొక్కజొన్న వాసన వచ్చినా అది చాలావరకు తయారీ లోపమే. మసకగా ఉండటం అన్నిసార్లూ లోపం కాదు. కొన్ని రకాలు కావాలనే అలా ఉంచుతారు.

శాకాహారులు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. కాస్క్ ఏల్ తేరడానికి సంప్రదాయంగా వాడేది ఐసింగ్లాస్, చేప పొట్టలోని గాలితిత్తి నుంచి తీసిన పదార్థం. అది మడ్డిని పట్టుకుని అడుక్కు దిగిపోతుంది. వద్దనుకుంటే "వేగన్" అని రాసున్న బీరు అడగాలి.

ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్, అన్న పిడి కనిపిస్తే అందులో "ఐ" ఇండియాయే. తూర్పు లండన్‌లో బో దగ్గరి హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడలు లంగరు వేసే బ్లాక్‌వాల్‌కు దగ్గర. ఓడ కెప్టెన్లకు అరువిచ్చి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు బీరు చేర్చింది. ఈ బీరును కనిపెట్టింది హాడ్జ్‌సనే అన్నది కట్టుకథ. పేల్ ఏల్ అంతకుముందే ఉంది.

శుక్రవారం: లివర్‌పూల్

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్‌కు రైల్లో సుమారు రెండుంపావు గంటలు. టికెట్టు వారాల ముందు కొంటే చవక, అప్పటికప్పుడు కొంటే చుక్కలు కనిపిస్తాయి. దిగి పావుగంట ఎత్తు మీదికి నడిస్తే హోప్ స్ట్రీట్ మలుపులో ద ఫిల్‌హార్మోనిక్ డైనింగ్ రూమ్స్. ఊరివాళ్లకు "ఫిల్".

రాబర్ట్ కెయిన్ అనే బీరు తయారీదారు కోసం వాల్టర్ థామస్ గీసిన ఈ పబ్బు 1898-1900 మధ్య లేచింది. బ్రూవరీలు పబ్బులు చేజిక్కించుకోవడానికి డబ్బు కుమ్మరించిన రోజులవి. ఆ డబ్బే ఈ గోడల మీద కనిపిస్తుంది. ఇనుము, రాగి కలిపి పూలతీగల్లా వంచిన గేటు, మొజాయిక్ పొదిగిన కౌంటరు, మహాగని చెక్క, రంగు గాజు. ఒకప్పటి బిలియర్డ్స్ గది ఇప్పుడు పెద్ద హాలు. పక్కన రెండు చిన్న గదులకు బ్రామ్స్, లిస్ట్ అని పేర్లు. ఎదురుగా సంగీత మందిరం ఉంది కనుక సంగీతకారుల పేర్లు పెట్టారనుకోవచ్చు. లండన్ యాసలో ఆ రెండు పేర్లూ కలిపితే "తాగి తూలుతున్నవాడు" అని కూడా. 2020లో దీనికి గ్రేడ్ ఒన్ రక్షణ ఇచ్చారు. ఇంగ్లండు రక్షిత కట్టడాల్లో అన్నిటికన్నా పైమెట్టు అదే.

మగవాళ్ల మూత్రశాలలో గులాబి రంగు పాలరాయిలాంటి గిన్నెలు చూడ్డానికే జనం వస్తారు. ఆడవాళ్లు చూడాలంటే కౌంటరులో చెబితే, ఖాళీ అయ్యాక లోపలికి వెళ్లనిస్తారు. నేరుగా తోసుకెళ్లొద్దు. శుక్రవారం సాయంత్రం ఇక్కడ నిలబడ్డానికి చోటుండదు. పన్నెండు, రెండు మధ్య వెళ్లాలి.

ఇక్కడ గ్లాసు మీద నురగ లండన్‌లో కంటే మందంగా, మీగడలా నిలుస్తుంది. ఉత్తరాదిలో కుళాయి మూతికి స్పార్క్‌లర్ అనే చిల్లుల బిళ్ల తొడుగుతారు. బీరు వాటిలోంచి బలవంతంగా దూరి నురగ కడుతుంది. అది రుచిని మెత్తబరుస్తుందని ఉత్తరాదివాళ్లు, చంపేస్తుందని దక్షిణాదివాళ్లు. తీసేసి పొయ్యమంటే పోస్తారు.

తిరుగుదారిలో స్టేషన్‌కు అడుగు దూరంలో అడెల్ఫీ హోటల్ పక్కన ద వైన్స్ ఉంది. ఇదీ కెయిన్ డబ్బే, థామస్ గీతే, 1907 నాటిది. లండన్ రైళ్లు రాత్రి పొద్దుపోయేదాకా ఉండవు, చివరి రైలు వేళ ముందే చూసుకుని ఇక్కడ కూర్చోవాలి. రాత్రికి ఊళ్లోనే ఉంటే తొందర లేదు. చాలా పబ్బుల్లో పదకొండుకు కాస్త ముందు గంట మోగుతుంది. అది చివరి ఆర్డరు. రెండో గంట మోగాక పొయ్యరు, ఉన్నది ముగించడానికి ఇరవై నిమిషాలదాకా ఇస్తారు.